పదకొండు గడపలు

ఆడవాళ్ల తొట్టి చుట్టూ పలకల సందుల్లో పేరుకున్న నాచును తొమియె మోకాళ్ల మీద కూర్చుని గట్టి బ్రష్షుతో గీకుతోంది. డెబ్బై రెండేళ్ల మనిషి. వేళ్ల చివరలు నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడ్డాయి. మూడింటికి ఊరుమ్మడి స్నానశాల తలుపులు తెరిచేలోగా మగవాళ్ల వైపు కూడా కడగాలి.

లాయరు కుజీ మేజోళ్లు విప్పకుండానే తడి నేల మీదికి వచ్చేశాడు.

"మన దరఖాస్తు కొట్టేశారండీ కోర్టువారు. పునర్విచారణ అక్కర్లేదట."

"అయ్యో, మీ మేజోళ్లు తడిసిపోయాయి. క్షమించండి లాయరు గారూ."

కుజీ తల పట్టుకున్నాడు. "ఆ మాటేగా మన కొంప ముంచింది!"

నిజమే. మా రేవులో ఎవరింట నిప్పు పుట్టినా, మర్నాడు ఆ ఇంటివాళ్లు చుట్టుపక్కల గడపగడపకీ వెళ్లి, వంగి, క్షమించమని అడగాలి. అప్పట్లో తొమియె పనిచేసే తోఫు దుకాణం, సోయా పాలతో పనీరు చేసి అమ్మేది, కాలినప్పుడు యజమాని ఆసుపత్రిలో ఉన్నాడు. కనుక అతని బదులు ఆమే వెళ్లింది, పదకొండు గడపలకి. ఆ నిప్పు ఆమే పెట్టిందని కేసు పెట్టారు. తప్పు చేయకపోతే ఎందుకు క్షమించమన్నావని నిలదీశాడు ప్రాసిక్యూటరు. అది ఆచారమని ఇరుగుపొరుగు చెప్పిన వాంగ్మూలాలు కోర్టు మొహం చూడలేదు. ఇరవై ఏళ్ల తర్వాత పోలీసుల బీరువాలో దొరికాయి. వాటిని పట్టుకుని పునర్విచారణ అడిగి, ఆ ఇరుగుపొరుగును సాక్షులుగా పిలవమంటే జడ్జి అవసరం లేదన్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. తొమియె నోరు మంచిదే. ఆ నోరే ఆమెను తొమ్మిదేళ్లు జైల్లో పెట్టించింది.

పునర్విచారణ దరఖాస్తును కొట్టేయడానికి కోర్టువారికి ఆరేళ్లు పట్టింది. దాని మీద అప్పీలుకు ఆమెకిచ్చిన గడువు మూడు రోజులు.

"మీ మాటగా నాలుగు ముక్కలు మీ చేత్తో రాసివ్వండి," అన్నాడు కుజీ, బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కాగితం పెట్టి.

ఆమె చేతులు తుడుచుకుని రాసింది: 'పెద్దలకు మళ్లీ శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి.'

కుజీ కాగితం చింపేశాడు. రెండోది ఇచ్చాడు. 'ఇన్నిసార్లు విసిగిస్తున్నందుకు' అని మొదలైంది. అదీ చింపాడు.

"మీ కాలు ఎవడైనా తొక్కితే వాడికే క్షమాపణ చెప్పే రకం మీరు! ఎవరు ఎవరికి చెప్పాలండీ అసలు?"

"ఆ మాట లేకుండా ఉత్తరం ఎలా మొదలెట్టాలో నాకు తెలీదు. మొహం మీద కొట్టినట్టుండదూ?"

"కొట్టండి! ఒక్కసారి కొట్టండి!"

"అరవకండి, నాకవతల పనుంది." తొమియె లేచింది. గుమ్మం దగ్గర ఆగింది. "ఆ మాటంటే నాకూ విసుగొచ్చింది లాయరు గారూ. ఇంటికెళ్లి రాస్తాను. పొద్దున్నే వచ్చి తీసుకోండి."

మగవాళ్ల వైపు కూడా కడిగింది. బకెట్లు బోర్లించింది. మోకాలు పట్టుకుంటూ మెల్లగా ఇంటికి నడిచింది.

మర్నాడు ఏడింటికి కుజీ వెళ్లేసరికి అద్దెకిచ్చిన ఇంటివాళ్లు తలుపు తీసి ఉంచారు. నిద్రలోనే గుండె ఆగిందన్నాడు డాక్టరు. దరఖాస్తుదారు పోతే అప్పీలూ పోయినట్టే. మళ్లీ వేయడానికి ఆమెకు తోబుట్టువుల్లేరు, పిల్లల్లేరు. కుజీకి ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది.

చిన్న బల్ల మీద, ఎగిరిపోకుండా కళ్లజోడు బరువు పెట్టిన కాగితం ఉంది. కింద సంతకం బదులు ఎర్రగా ఆమె పేరు ముద్ర, పైన రెండే వాక్యాలు: 'ఆ నిప్పు నేను పెట్టలేదు. ఈసారి మీరు రండి నా గడపకి.'