సమానం గుర్తుకు రెండు పక్కలు

పొద్దుట్నించీ నోటి పరీక్షలు. లెక్చరరమ్మకు నడుం లాగేస్తోంది. చూసిన బోర్డే చూసి చూసి కళ్ళు మసకబారాయి. పక్క కుర్చీలో లెక్కల డిపార్ట్‌మెంట్ హెడ్డుగారు గడ్డం ఛాతీకి ఆనించి జోగుతున్నారు. యూనివర్సిటీలో విద్యార్థులు ఆయనకు పెట్టుకున్న పేరు పూర్ణాంకం. జన్మలో ఎవరికీ అర మార్కు వేసి ఎరగరు.

బోర్డు దగ్గర నిలబడ్డ అమ్మాయికి ఇదే ఆఖరి అవకాశం. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు. ఆ సంగతి గదిలో ముగ్గురికీ తెలుసు.

లెక్క మాత్రం ఎక్కడా ఆగలేదు. టకటకా రాసుకుపోయి, చివరి లైను కింద గీత కొట్టి, బిక్కుబిక్కుమంటూ వెనక్కి తిరిగింది.

హెడ్డుగారు ఒక కన్ను తెరిచారు. "జవాబు కరెక్టే. సంతకం పడెయ్యమ్మా. క్యాంటీన్‌లో టీ అయిపోతుంది."

లెక్చరరమ్మ పెన్ను తీసింది. ఆ సంతకం అప్పుడే పెట్టేసి ఉంటే ఏ గొడవా లేకపోను. ఖర్మ కాలి కళ్ళు రెండో లైను మీద పడ్డాయి. ఎక్స్ స్క్వేర్. పక్కన సమానం గుర్తు. దాని పక్కన రెండు ఎక్స్.

"ఇదేంటమ్మా? ఎక్స్ మూడనుకో. తొమ్మిదీ ఆరూ సమానమా?"

"కాదు మేడమ్. డెరివేటివ్ తీస్తే... అది వచ్చింది కదా."

"వస్తే సమానం పెట్టేస్తావా?"

అమ్మాయి ఆ గుర్తునే ఇంకోసారి దిద్ది చూపించింది. లెక్చరరమ్మకు ఎక్కడో అనుమానం తగిలింది. లేచి వెళ్ళి బోర్డు మూల రాసింది. ఎనిమిది ప్లస్ నాలుగు, సమానం, ఒక ఖాళీ గడి, ప్లస్ ఐదు.

"గడిలో ఎంత?"

అమ్మాయి క్షణం కూడా ఆలోచించలేదు. గడిలో పన్నెండు వేసింది. అక్కడితో ఊరుకోలేదు. చివర ఇంకో సమానం పెట్టి పదిహేడు రాసింది.

హెడ్డుగారి నిద్ర ఎగిరిపోయింది. "బుడతలు చేసే లెక్క! ఇది రానివాళ్ళకు డిగ్రీ ఇద్దామా? ఫెయిల్ చెయ్యి."

"ఇందాక పాసన్నారు కద సార్?"

"ఇందాక నిద్రలో అన్నాను."

గట్టెక్కిన పిల్లను పిలిచి మరీ గోతిలోకి తోసింది తనే అనుకుంది లెక్చరరమ్మ. అడగకపోతే ఏం పోయేది?

"మీరు టీ తాగి రండి సార్. అప్పటిదాకా నాకు వదిలెయ్యండి."

"టీ అయ్యేదాకానే," అంటూ ఆయన చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయారు.

తలుపు మూసుకుంది. లెక్చరరమ్మ చెప్పడం మొదలుపెట్టింది. రెండు వైపులా విలువ ఒకటే ఉండాలి, చేసే పని వేరు, వచ్చే ఫలితం వేరు... అమ్మాయి తల ఊపింది. "అర్థమైంది మేడమ్." ఆ అర్థమైంది ఎలాంటిదో లెక్చరరమ్మకు తెలుసు. ఇన్నేళ్ళుగా రోజూ వింటున్నదే. పెద్ద పెద్ద సిద్ధాంతాలు బోధించింది గానీ, ఈ రెండు చిన్న గీతల గురించి ఎవరికీ ఎప్పుడూ చెప్పి ఎరగదు.

ఫోన్ తీసి మొగుడికి కొట్టింది. ఆయన ఒకటో క్లాసు మాస్టారు.

"ఏమండీ, క్లాసులో ఉన్నారా?"

"క్లాసే నా మీద ఉంది. తొందరగా చెప్పు."

"సమానం గుర్తంటే ఏంటని చెప్తారు మీ పిల్లలకు?"

"జవాబు రాసే చోటని."

"కొంప ముంచారు కదండీ!"

"ఎవరి కొంప?"

"ఇక్కడో అమ్మాయి కొంప. ఇంత ఎదిగి వచ్చినా ఇంకా జవాబు రాసే చోటే అనుకుంటోంది."

"నాలాంటి వాడి దగ్గర్నించి నీ దగ్గరికొచ్చేలోపు ఎంతమంది మాస్టర్లు చూసుంటారే? అందరూ జవాబు చూసి టిక్కు కొట్టారు. నన్నొక్కణ్ణే అంటే ఎలా?" ఆ గొంతులో కోపగించుకునే ఓపిక కూడా లేదు. "సరే, విను. మాటలు చెప్పకు. ఒక పక్క చేత్తో మూసెయ్. కనపడేది ఎంతో అడుగు. తర్వాత రెండో పక్క. ఒరేయ్, వాడి చెవి వదలరా!"

ఫోన్ ఆగిపోయింది.

లెక్చరరమ్మ చివరి పదిహేడు చెరిపేసింది. కుడివైపు అరచెయ్యి అడ్డం పెట్టింది. "ఎంత?"

"పన్నెండు."

చెయ్యి ఎడమవైపుకు జరిపింది. "ఇక్కడ?"

"పన్నెండూ ఐదూ... పదిహేడు." అమ్మాయి ఆగిపోయింది. బోర్డుకు దగ్గరగా వచ్చింది. "మేడమ్, మధ్యలో గుర్తు అబద్ధం చెప్తోంది."

పన్నెండు చెరిపి ఏడు వేసింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే తన పెద్ద లెక్క దగ్గరికి నడిచింది. ఎక్స్ స్క్వేర్ మీద చెయ్యి పెట్టింది, తీసింది. రెండు ఎక్స్ మీద పెట్టింది. సమానం గుర్తు చెరిపేసి, ఆ చోట 'దీని డెరివేటివ్ ఇది' అని మాటల్లో రాసుకుంది. కింది లైనులోనూ గుర్తు పోయింది. ఆ కిందిదీ పోయింది. ఒకటి చెరిపితే దాని మీద ఆనుకున్న లైను కూలబడుతోంది. లెక్చరరమ్మ ఆపలేదు. ఆపే ఓపికా లేదు.

హెడ్డుగారు తిరిగొచ్చేసరికి పైన నాలుగు లైన్లు మిగిలాయి. కింద ఖాళీ.

"ఇందాకటి జవాబేదీ?"

"ఇంకా రాలేదు సార్," అంది అమ్మాయి.

లెక్చరరమ్మ కాగితం మీద బొటాబొటీ పాసు మార్కు వేసి, సంతకం చేసి, ఆయన ముందుకు తోసింది.

"జవాబున్నప్పుడు ఫెయిలన్నాను. లేనప్పుడు పాసు చెయ్యమంటావా?"

"అవును సార్. ఉన్న నాలుగు లైన్లూ నిజం. తప్పుంటే చూపించండి, చింపేస్తాను."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని చూశారు. పై నుంచి కిందికి, మళ్ళీ కింది నుంచి పైకి. మూల గడిలో ఉన్న ఏడునూ చూశారు. ఆఖరికి, "మీ ఇద్దరికీ పిచ్చి," అని గొణిగి సంతకం గీకారు.

"పాసయ్యావు. ఇంక వెళ్ళు," అంది లెక్చరరమ్మ.

అమ్మాయి మొహంలో పాసైన కళ లేదు. సుద్ద అంటిన చేతులు దులుపుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"మేడమ్, పై క్లాసుల్లో కూడా ప్రతి లైనూ ఇలాగే చూసుకోవాలా?"

"ప్రతి లైనూ."

"అలిసిపోరా?"

"పోతాం," అంది లెక్చరరమ్మ. "తర్వాతి వాళ్ళను లోపలికి పంపు."