అరవై నాలుగు చింతగింజలు

తిప్పమ్మ ఇంకో చింతపండును బండ మీద పెట్టి సుత్తితో కొట్టింది. గట్టిగా కొడితే గింజ పగులుతుంది, మెల్లగా కొడితే పండు చీలదు. ఈ రెంటికీ మధ్య దెబ్బ ఎంతో ఆమె చేతికి ఇరవై ఏళ్ళుగా తెలుసు. బొటనవేలితో నొక్కగానే గింజలు జారి తట్టలో పడ్డాయి. పండు చాప మీదికి, ఈనెలు గోడవారకు పోయాయి. వేళ్ళ మీద పగుళ్ళున్న చోట పులుపు మండింది. చేతిని చీరకు తుడుచుకుని ఆమె మరో పండు అందుకుంది.

ఇల్లు అన్న ఎర్రన్నది. ఊరు సోమందేపల్లె రోడ్డుకు మూడు మైళ్ళు లోపల. రెండేళ్ళుగా వేరుశెనగ వేసినవాళ్ళకు విత్తనం కూడా తిరిగి రాలేదు. హిందూపురం వ్యాపారి ఆటోలో చింతపండు మూటలు దింపిపోతాడు, గింజ తీశాక పట్టుకుపోతాడు. మూటలు దించుకునేదీ, తూకం దగ్గర నిలబడేదీ వదిన వెంకటలక్ష్మమ్మ. తిప్పమ్మ వెనక వసారా దాటి రాదు. పండు ఎవరి చేతుల్లోంచి వస్తున్నదో వ్యాపారికి తెలియదు. అతను అడగడు కూడా.

ఆమె చేతులు మోచేతుల నుంచి వేళ్ళ దాకా తెల్లగా ఉంటాయి. ఒంటి అసలు రంగు అక్కడక్కడా చిన్న చిన్న ముక్కలుగా మిగిలింది. మొదటి మచ్చ పెళ్ళయిన మూడో ఏడు కుడి చీలమండ మీద వచ్చింది, చింతగింజంత. ఆమె కాళ్ళు కడుక్కుంటుంటే అత్త చూసింది. ఆ వారమే ఉగాదికని పుట్టింటికి పంపారు. తిరిగి తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. ఆమె బయలుదేరేటప్పుడు మొగుడు ఓబుళేసు ఎద్దుల కొమ్ములకు రంగు వేస్తున్నాడు. తల ఎత్తలేదు. ఇరవై నాలుగేళ్ళయింది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదని పెనుకొండ డాక్టరు చెప్పాడు. ఆ మాట ఎర్రన్న ఊళ్ళో అందరికీ చెప్పాడు. అయినా పెళ్ళిళ్ళలో ఆమెను వడ్డించమనలేదు, తర్వాత కూరగాయలు తరగమనలేదు, తర్వాత పిలవడమే మానేశారు. ఏ మచ్చ ఏ ఏడు పక్క మచ్చతో కలిసిందో తిప్పమ్మకు గుర్తుంది.

ఈ రోజు నాలుగు గంటల బస్సులోపల ఆమె ఒక మాట చెప్పాలి. ఓబుళేసుకు కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. అతను రెండోసారి చేసుకున్న మనిషి నిరుడు జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. అత్త ముసలిది. తిప్పమ్మను రమ్మని మరిది నాగన్న ఉరవకొండ నుంచి ఇప్పటికి రెండుసార్లు వచ్చిపోయాడు. ఈ రోజు మూడోసారి వస్తున్నాడు.

పొద్దున కూలికి పోతూ ఎర్రన్న వసారాలోకి తొంగి చూశాడు.

"పాపా, పోతానంటే పో. ఉంటానంటే ఉండు. మాకు నువ్వేం బరువు గాదు."

"ఊఁ."

అతను పోయాక వెంకటలక్ష్మమ్మ రెండో మూట ఈడ్చుకొచ్చింది. "నువ్వు పోతే ఈ మూటలన్నీ నేనొక్కదాన్ని యాడ తీస్తా?" అంది. అంతలోనే, "అది మనసులో పెట్టుకోవద్దు. నీ ఇష్టం నీది. నా నోరు అట్లాంటిది" అంది.

"నీ నోరు నాకు తెలీదా వదినా."

ఇద్దరూ నవ్వలేదు గానీ వెంకటలక్ష్మమ్మ మూట అక్కడ వదిలి తేలికపడిన మొహంతో వంటింట్లోకి పోయింది.

పోయినసారి నాగన్నను తిప్పమ్మ ఒకే మాట అడిగింది. అక్కడ ముందు వసారాలో కూర్చోవచ్చా అని. ఆ ఇంటి ముందు వసారా ఆమెకు బాగా గుర్తుంది. రెండు రాతి స్తంభాలు, ఎదురుగా దారి. మనుషులు పోతుంటారు, బండ్లు పోతుంటాయి. నాగన్న, "అదేం మాటొదినా, నీ ఇల్లే గదా. ఊరు మారిపోయిండాది. ఇప్పుడెవురూ ఏమీ అనరు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె మనసు కొంచెం కొంచెంగా అటే పోతున్నది. నిన్న రేకు పెట్టె దులిపి ఉన్న నాలుగు చీరలూ సర్దింది. రోజూ ఆడుకునే గింజల సంచికి కొత్త తాడు కట్టింది. గింజలు ఎంత బరువని.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె ఆ సంచి తీసింది. అందులో అరవై నాలుగు చింతగింజలు, ఒక్కొక్కటీ ఒకవైపు గరుకు బండ మీద అరగదీసినవి. ఒక పక్క నల్లగా మెరుస్తుంది, రెండో పక్క తెల్లగా ఉంటుంది. గోడ సందులోంచి మడత పెట్టిన పేపరు ముక్క తీసి నేల మీద పరిచింది. ఎనిమిది నెలల కిందట అంగట్లో కందిపప్పు కట్టిచ్చిన కాగితం అది. ఏదో ఆదివారం పేపరు. అందులో ఎనిమిది వరసల గళ్ళ పటం, కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి. తిప్పమ్మ నాలుగో తరగతి దాకా చదివింది. కింద ఉన్నది కూడబలుక్కుని చదువుకుంది. పక్కపక్కన కలిసి ఉన్న ఒకే రంగు గళ్ళన్నీ ఒక మడి. ఏదో ఒక మడిని ఎంచుకుని మొత్తం తిప్పేయాలి. నలుపైతే తెలుపు, తెలుపైతే నలుపు. తిరిగిన మడి పక్కనున్న అదే రంగు మళ్ళతో కలిసి పెద్దదవుతుంది. అట్లా తిప్పుతూ అంతా ఒకే రంగు చేయాలి. నాలుగు మార్పుల్లో అవుతుంది, జవాబు వచ్చే వారం.

వచ్చే వారం పేపరు కోసం వెంకటలక్ష్మమ్మ అంగడికి పోయి అడిగింది. "దాంట్లో ఎవురికో బెల్లం కట్టిస్తినే" అన్నాడు అంగడాయన.

తిప్పమ్మకు ఐదు మార్పులు పడతాయి. ఎట్లా తిప్పినా ఐదే. మొదట్లో మూలల నుంచి మొదలుపెట్టి తొమ్మిది, పది దాకా పోయేది. మధ్యలో ఉన్న మడిని పట్టుకుని దాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పితే అది నాలుగు వైపులా పెరుగుతుందని రెండు నెలలకు తెలిసింది. అప్పుడు ఐదుకు వచ్చింది. నాలుగుకు రాలేదు. తన బుర్రకు అందనిదేదో ఉందనుకుంది. ఆరు నెలలుగా రోజూ మధ్యాహ్నం గింజలు పరుస్తున్నది.

ఆమె పేపరు చూస్తూ ఎనిమిది వరసలు పేర్చేసరికి ముందు నుంచి నాగన్న గొంతు వినిపించింది. వెంకటలక్ష్మమ్మ అతన్ని వెనక వసారాలోకి పంపింది. అతను చెప్పులు గడప దగ్గర విడిచి, చేతిలోని కవరు తిప్పమ్మ పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"బాగుండావా వదినా?"

"బాగుండా. ఆయప్ప ఎట్లుండాడు?"

"అట్లే. ఎడమ చేత్తో తింటాండాడు." అతను కవరు వైపు తల ఊపాడు. "అమ్మ పంపించింది. కొత్త చీర, కుట్టిన రవిక. అవి కట్టుకోనే రమ్మనింది."

తిప్పమ్మ కవరు ముట్టుకోలేదు. వదిన తెచ్చి ఇచ్చిన నీళ్ళు తాగి నాగన్న చెంబు కింద పెట్టాడు. అది పేపరు మీద ఆనింది. అతను చూసుకోలేదు.

"ఇదేం ఆటొదినా? ఎవురితో ఆడతావు?"

"ఎవురితో లేదు" అని ఆమె చెంబు పక్కకు తీసింది.

పేపరు మీద గుండ్రంగా తడి పడింది. ఆ తడిలో తొమ్మిదో పదో గళ్ళు తడిశాయి. నల్లవి నల్లగానే ఉన్నాయి. ఒక్కటి మాత్రం అంచు కరిగి గోధుమరంగులో పక్క గడిలోకి పారింది. తిప్పమ్మ వంగి చూసింది. వేలితో రుద్దింది. నలుపు వేలికి వచ్చేసింది, కింద తెల్ల కాగితం కనిపించింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. పుల్లటి వాసన.

అది అచ్చు కాదు, చింతపండు. కాగితం విప్పిన రోజు తన బొటనవేలు ఆనిన చోటు అది. పాత పేపరులో అచ్చు కూడా వెలిసిపోయి ఉండటంతో తేడా తెలియలేదు. తెల్ల గళ్ళ దారిని ఆ ఒక్క మరక మధ్యలో రెండుగా తెంపేసింది.

ఆమె ఐదో వరసలో ఆ గడికి పెట్టిన గింజను తెల్లవైపు తిప్పింది. రెండు తెల్ల మళ్ళు ఒకటయ్యాయి. అక్కడి నుంచి మొదలుపెట్టింది. మడి నల్లనైంది, చుట్టూ పెరిగింది. తెల్లనైంది. మళ్ళీ నల్లనైంది, పటం అంచుల దాకా పోయింది. గింజలు ఒక్కొక్కటే తిప్పుతూ పోవడానికి చాలాసేపు పట్టింది. నాగన్న ఒకసారి ఆవలించాడు. నాలుగో మార్పుకు అరవై నాలుగు గింజలూ తెల్లగా పైకి చూశాయి.

తిప్పమ్మ కాసేపు వాటినే చూస్తూ కూర్చుంది. ఆరు నెలలు తన బుర్రను అనుమానించింది గానీ కాగితాన్ని అనుమానించలేదు. వేలు పెట్టి రుద్ది చూడాలని తోచనే లేదు.

ఆమె చేయి చాచి కవరు దగ్గరికి లాక్కుని విప్పింది.

చీర ఆకుపచ్చది, మంచిదే. దాని కింద రవిక, తెల్లటిది. ఆమె మడత విప్పి ఎత్తి పట్టుకుంది. రవిక చేతులు కిందికి జారాయి. మోచేతి దగ్గర ఆగలేదు. మణికట్టు దాకా వచ్చాయి, అక్కడ గుండీలు కుట్టి ఉన్నాయి. బయట ఏప్రిల్ ఎండకు పెంకులు చిటపటమంటున్నాయి.

"టైమైతాండాది వదినా" అన్నాడు నాగన్న. "ఏం చెప్తావు?"

"చేతులు పొడుగైనాయి నాగన్నా."

అతను రవికను చూశాడు, తర్వాత నేలను చూశాడు. "అది అమ్మ కుట్టించింది. నాకేం తెలుసు. నలుగురూ వచ్చిపోయే ఇల్లు గదా, ఏదో ఒకటి అంటారని."

"ఊరు మారిపోయిండాదంటివే."

నాగన్న గడప దగ్గరి చెప్పుల వైపు చూశాడు.

"ముందు వసారాలో కూర్చోవచ్చంటివి."

"కూర్చో వదినా, ఎవురొద్దన్నారు? అది ఏసుకోని కూర్చో."

తిప్పమ్మ రవికను మడిచి చీర మీద కవరులో పెట్టింది, కవరును అతని వైపు జరిపింది. తర్వాత సుత్తి అందుకుని, మూటలోంచి ఒక పండు తీసి బండ మీద పెట్టింది. "నేను రాను. ఆయప్పకు ఎవురినైనా కూలికి పెట్టుకోండి" అంది. కోపంగా అనలేదు. దెబ్బ సరిగ్గా పడింది, గింజలు తట్టలో రాలాయి.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నాగన్న ఇంకో రెండు నిమిషాలు కూర్చున్నాడు. ఆమె తల ఎత్తుతుందేమోనని చూశాడు. తర్వాత లేచి, పంచె దులుపుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టి వెళ్ళిపోయాడు. రోడ్డు దిక్కుగా అతని చెప్పుల చప్పుడు వినబడినంతసేపు విని, తిప్పమ్మ మరో పండు తీసుకుంది.

కవరు అక్కడే ఉండిపోయింది. దాని నోట్లోంచి రవిక చేయి ఒకటి నేల మీదికి జారింది. మణికట్టు గుండీ పక్కన, మడిచేటప్పుడు ఆమె వేలు ఆనిన చోట, తెల్లటి బట్ట మీద, బొటనవేలంత చింతపండు మరక ఆరిపోతున్నది.