కొవ్వొత్తులు తేవాలా వద్దా

మా ఆయన జర్విస్ బండి తోలుకుని బతికేవాడు. రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం మొదలవగానే రాజుగారి సైనికులు వచ్చి బండితో సహా ఆయన్ని లాక్కుపోయారు. నెల తిరక్కుండా పార్లమెంటు సైనికులు బండితో సహా పట్టుకుని, రాజు మనిషివని ముద్ర వేశారు. ఇప్పుడు థేమ్స్ నదిలో ఓడ ఎక్కించారు. రేపు తెల్లవారుజామున నదిలో పోటు తిరగ్గానే ఓడ సముద్రం అవతలి బార్బడోస్ దీవి చెరుకు తోటలకు బయలుదేరుతుంది. అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి రారు. పార్లమెంటు ఈ రోజే నా అర్జీ చదివి, వదిలిపెట్టమంటేనే మా ఆయన నాకు దక్కుతాడు.

"నేనున్నానుగా టామ్సిన్, బెంగపడకు," అన్నాడు పొద్దున్న మా ఊరి పార్లమెంటు సభ్యుడు సర్ ఆంబ్రోజ్ థ్రెల్.

అప్పటినుంచీ సభ తలుపు బయట నిలబడే ఉన్నాను. లోపల ఏం చేస్తున్నారనుకున్నారు? ఎవరో టోపీ తియ్యకుండా మాట్లాడాడట. అది తప్పా కాదా అని మధ్యాహ్నమంతా కొట్టుకున్నారు. దేశం రెండు ముక్కలై తగలబడుతుంటే వీళ్లకు టోపీ గొడవ! నా అర్జీ వంతు వచ్చేసరికి చలికాలపు పొద్దు కాస్తా గుంకింది. చదవబోతే అక్షరాలు కనబడలేదట.

"అయితే దీపాలు పెట్టుకోవచ్చుగా?" అన్నాను తలుపు దగ్గర కాపలా ఉండే ముసలాయన ఒబడయాతో.

"అలా పెట్టేస్తే ఎలా తల్లీ? కొవ్వొత్తులు తేవాలా వద్దా అని ముందు సభ తేల్చాలి."

"చీకటి పడిందో లేదో కూడా తేలుస్తారా?"

"మెల్లగా, మెల్లగా! వింటే నన్ను తగులుకుంటారు."

లోపల "తేవాలి!" అని కేకలు. అందరికంటే పెద్ద గొంతు సర్ ఆంబ్రోజ్‌దే. నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే "వద్దు!" అని అంతే గట్టిగా అరిచారు మిగతావాళ్లు. ఇక తలలు లెక్కపెట్టాల్సిందే. తేవాలన్నవాళ్లు లేచి బయటికి రావాలి, వద్దన్నవాళ్లు కూర్చునే ఉండాలి. అదీ వాళ్ల పద్ధతి.

ఒబడయా నన్ను గోడవారకు జరిపాడు. వచ్చిన ప్రతి మొహమూ చూశాను. సర్ ఆంబ్రోజ్ రాలేదు.

ఒక్క తల తక్కువైంది. కొవ్వొత్తులు లేవు. సభ రేపటికి వాయిదా.

అందరూ పోయాక ఆయన తీరిగ్గా బయటికొచ్చాడు.

"రాలేదేం దొరగారూ?"

"అరిచాను కదమ్మా, వినలేదా? లేస్తే నా చోటు పోతుంది. వెనకాల ఒకడు దానికోసమే కాచుక్కూర్చున్నాడు. ఈ చలిలో తలుపు పక్కన నేను కూర్చోగలనా?"

"ఓడ తెల్లారే పోతుంది దొరగారూ!"

"రేపు మొట్టమొదట నీదే తీయిస్తాగా," అంటూ జేబులు తడుముకున్నాడు. "ఒబడయా, నా చేతితొడుగు లోపల పడిపోయినట్టుంది. కాస్త దీపం పట్టుకురా!"

ఒబడయా కొవ్వొత్తి వెలిగించి ముందు నడిచాడు. ఎవరి తలా లెక్కపెట్టలేదు. ఆ వెలుతురులో బల్ల మీద నా అర్జీ తలుపు దగ్గరికే కనబడింది. నాకు ఒళ్లు మండిపోయింది. సర్ ఆంబ్రోజ్ బెంచీ కింద దూరి వెతుకుతుంటే, గబగబా లోపలికి వెళ్లి కొవ్వొత్తి ఉఫ్ఫున ఊదేశాను.

"ఎవరది? ఇదేం పని? దీపం ఏదీ?"

"దీపం కావాలన్నవాళ్లు లేచి బయటికి రావాలి దొరగారూ," అన్నాను.

చీకట్లో ఆయన తిట్టుకుంటూ బెంచీలకు కొట్టుకుంటున్నాడు. నేను మెట్లు దిగి నది వైపు పరుగెత్తాను. జర్విస్ ఇంకా నా మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. ఓడ కదిలేలోగా ఆయనకు నా మొహమైనా చూపించాలి.