వెర్నా పేరు మూసేసిన రోజు

విల్లో బెండ్ ఊళ్లో ట్రాక్టర్లూ, కోత యంత్రాలూ అమ్మే కంపెనీలో కారిన్ ఫ్రీసెన్ మొదట లెక్కలు చూసేది. కంప్యూటర్ మొరాయించినప్పుడల్లా అందరూ ఆమెనే పిలవడంతో చివరికి అదే ఆమె ఉద్యోగమైంది. అసలు ఆమెను అక్కడ పెట్టించింది వెర్నా హ్నాటియుక్. విడిభాగాల కౌంటర్ వెర్నాది. మొగుడితో తెగతెంపులు చేసుకుని, చంటిపిల్లతో కారిన్ ఆ ఊరొచ్చిన చలికాలంలో వెర్నా తన ఇంటి బేస్‌మెంట్‌లో గది ఇచ్చింది. పిల్లను ఆడించింది. “దీనికి బుర్ర ఉంది, తీసుకోండి” అని మేనేజర్ గోర్డ్‌తో పోట్లాడి మరీ ఒప్పించింది.

అప్పట్లో ఆ కంపెనీలో ఏ కంప్యూటర్ దారి దానిదే. కౌంటర్లో ఒక పాస్‌వర్డ్, లెక్కల గదిలో ఇంకొకటి, పక్క ఊరి బ్రాంచికి వెళ్తే మరొకటి. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల ఫైళ్ల కోసం ఆఫీసంతా గాలించాల్సి వచ్చేది. గోర్డ్ వెంటపడీ వెంటపడీ కారిన్ ఒక సర్వర్, అంటే మిగతావాటన్నిటికీ తల్లిలాంటి పెద్ద కంప్యూటర్, కొనిపించింది. కోట్లు తగిలించుకునే చిన్న గదిని ఖాళీ చేయించి అందులో పెట్టింది.

ఆ పని ఆమె ప్రాణం పెట్టి చేసింది. సర్వర్‌కు మారని చిరునామా ఇచ్చింది. నెట్‌వర్క్‌లో ఏ పేరు ఏ యంత్రానిదో చెప్పే సర్వీసును దానిమీదే నిలబెట్టింది. ఆ తర్వాత కంపెనీ కంప్యూటర్లన్నిటినీ ఒక గూటికి చేర్చే డొమైన్‌కు పేరు పెట్టి, దానికి ఆ సర్వర్నే పెద్దను చేసింది. ఇక అందరి పేర్లూ ఒకేచోట ఉండే డైరెక్టరీ సిద్ధమైంది. బ్రాంచికో విభాగం, పనికో గ్రూపు, మనిషికో ఖాతా. మొట్టమొదటి ఖాతా వెర్నాది. ముందు తన మనిషి మీదే ప్రయోగం చేద్దామనుకుంది.

కౌంటర్లోని కంప్యూటర్‌ను డొమైన్‌లో చేర్చబోతే, అలాంటి డొమైన్ ఎక్కడా లేదని మొరాయించింది. వెర్నా కాఫీ కప్పు పట్టుకుని వెనకాలే నిలబడింది.

“ఏమైంది పిల్లా? మీ సర్వర్ దొరగారు నన్ను గుర్తుపట్టలేదా?”

“ఉండు వెర్నా. ఇది పేర్లు అడగడానికి వేరే చోటికి పోతోంది. మన సర్వర్ని అడగమని చెప్పాలి.”

“నన్నడిగితే నేనే చెప్పేదాన్నిగా. ఈ ఊళ్లో నాకు తెలియని పేరేది?”

ఆ ఒక్క చిరునామా మార్చేసరికి కంప్యూటర్ చేరిపోయింది. తెర మీద స్వాగతం కనిపించగానే కారిన్ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

“చూశావా! ఇకనుంచి ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. ఏ బ్రాంచిలో ఏ కుర్చీలో కూర్చున్నా నీ సరంజామా నీ దగ్గరికే వస్తుంది.”

వెర్నా ఒక్క గుక్క కాఫీ తాగింది. “అంటే ఆ ఒక్కటి చెడితే అన్ని తలుపులూ మూసుకుపోతాయన్నమాట.”

“నేనుంటాగా!” అంది కారిన్.

రెండు పంటలు దాటాయి. కంపెనీని కాల్గరీ నగరంలోని ఒక పెద్ద సంస్థ వాళ్లు కొనుక్కున్నారు. బోర్డు మార్చారు, టోపీల రంగు మార్చారు. జనానికి మాత్రం ఏమీ కాదని గోర్డ్ అందరికీ డోనట్లు తెప్పించి మరీ చెప్పాడు. విత్తనాలు వేసే కాలం దగ్గరపడుతుండగా, ఒక మధ్యాహ్నం అతను కారిన్‌ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

“రేపు పొద్దున కొంతమందిని పంపించేస్తున్నాం. ఒక్కొక్కరినీ పిలిచి నేనే చెప్తాను. నేను చెప్పడం మొదలుపెట్టే టైముకి నువ్వు వాళ్ల ఖాతాలు ఆపెయ్యాలి. కాల్గరీ వాళ్ల రూలు.” అతను పేర్లు చెప్పుకుంటూ పోయాడు. వెర్నా పేరు మధ్యలో వచ్చింది, మిగతా పేర్లలాగే.

“వెర్నానా? ఆవిడ లేకుండా సీజన్లో కౌంటర్ నడుస్తుందా గోర్డ్?”

“నేను చెప్పి చూశాను. విడిభాగాల ఆర్డర్లన్నీ ఇక అక్కడినుంచే తీసుకుంటారట.” గోర్డ్ కళ్లజోడు తీసి ముఖం రుద్దుకున్నాడు. “ఒక్క మాట. ఇది బయటికి పొక్కకూడదు. నిన్ను నమ్మి చెప్తున్నా. నీ ఏర్పాటు పుణ్యమా అని ఇప్పుడు ఒక్క నొక్కుతో అయిపోతుంది. ఇదివరకైతే ఎంత అవస్థ!”

అతను మెచ్చుకోలుగానే అన్నాడు. కారిన్ తలూపి బయటికి వచ్చేసింది.

ఆ వారం కారిన్ కారు రిపేరుకని మెకానిక్ దగ్గర ఉంది. సాయంత్రం వెర్నాయే తన పికప్ బండిలో ఇంటికి దింపింది. రోడ్డు పక్క గుంటల్లో మంచు కరిగి నీళ్లు నిలిచాయి. వెర్నా దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. ముసలి రైతు డైక్ మళ్లీ పాత విత్తన యంత్రమే బాగుచేయించుకుంటున్నాడట, దాని భాగాలు ఎక్కడ దొరుకుతాయో తనకు తప్ప ఎవరికీ తెలియదట. ఈసారి సీజన్ అయ్యాక వెనక వరండా కొత్తగా కట్టించుకుంటుందట.

“ఏంటి పిల్లా, నోట్లో పెరోగీ కుడుము పెట్టుకున్నట్టు కూర్చున్నావు? సర్వర్ దొరగారికి జలుబు చేసిందా?”

“తలనొప్పి, అంతే.”

చెప్పాలనుకుంది. మలుపు దగ్గర చెబుదామనుకుంది, రైల్వే గేటు దగ్గర చెబుదామనుకుంది. చెబితే ఏమవుతుంది? వెర్నా ఊరుకునే రకం కాదు. ఇప్పటికిప్పుడు బండి వెనక్కి తిప్పి గోర్డ్ తలుపు బాదుతుంది. కారిన్ చెప్పిందని అందరికీ తెలుస్తుంది. రేపు ఆ ఆపేసే ఖాతాల్లో తనదీ ఒకటవుతుంది. పిల్ల, అద్దె, చలికాలం. ఇల్లు వచ్చేసింది. దిగి, థాంక్స్ చెప్పి తలుపు వేసింది.

మర్నాడు పొద్దున గోర్డ్ ఫోన్ చేసి “ఇక కానివ్వు” అన్నాడు. కారిన్ సర్వర్ గదిలో కూర్చుని డైరెక్టరీ తెరిచింది. ఒక్కొక్క పేరు మీదా నొక్కి ఖాతాను ఆపింది. ప్రతి పేరు పక్కనా చిన్న ఎర్ర గుర్తు పడుతోంది. వెర్నా పేరు దగ్గర చెయ్యి ఆగింది. తర్వాత దాన్నీ నొక్కింది.

గోర్డ్ ఒక్కొక్కరితో మాట్లాడుతుండగా మధ్యలో కాల్గరీనుంచి ఫోన్ వచ్చి అతన్ని పట్టుకుంది. అందువల్ల వెర్నా వంతు రావడం ఆలస్యమైంది. ఆమె కాఫీ తెచ్చుకోవడానికి వెళ్లి వచ్చేసరికి కౌంటర్లో కంప్యూటర్ తెర తాళం పడిపోయి ఉంది. పాస్‌వర్డ్ కొడితే లోపలికి రానివ్వలేదు. సర్వర్ గదిలో ఫోన్ మోగింది.

“పిల్లా, మీ దొరగారు నన్ను గెంటేశాడే! ఇక్కడ డైక్ నిలబడ్డాడు, ఆయనకి బేరింగ్ కావాలి. ఆగు, ఏదో రాసుంది చదువుతా. ‘మీ ఖాతా ఆపివేయబడింది. మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి.’ అడ్మినిస్ట్రేటర్ అంటే నువ్వేగా?”

కారిన్ తెర మీది ఎర్ర గుర్తు వైపు చూసింది.

“నేనే.”

“మరి సంప్రదిస్తున్నా కదా, తెరువు!”

“సర్వర్లో ఏదో గడబిడగా ఉంది వెర్నా. చూస్తాను. కాస్త ఆగు.”

“ఉండు, నేనే తప్పు కొట్టానేమో. మొన్న మార్చమన్నావుగా. మా కుక్క పేరు పెట్టానా, మా అమ్మ ఊరి పేరు పెట్టానా?” ఫోన్లో కీబోర్డు చప్పుడు వినిపించింది. “కుక్క కాదు. డైక్, ఒక్క నిమిషం బాబూ, ముసలిదాన్ని, మర్చిపోయాను. అమ్మ ఊరూ కాదు. పెద్ద అక్షరంతో మొదలుపెట్టానేమో...”

కారిన్ వింటూ కూర్చుంది. ఆపమని అనలేదు. ఫోన్ పెట్టెయ్యనూ లేదు. కాసేపటికి అవతల గోర్డ్ గొంతు వినిపించింది, “వెర్నా, ఒకసారి నా గదికి వస్తావా” అని. ఫోన్ కౌంటర్ మీద పెట్టిన శబ్దం వచ్చింది. “ఆ అమ్మాయి ఏదో సరిచేస్తోంది డైక్, ఇప్పుడే వస్తా” అని వెర్నా చెప్పడం కూడా వినిపించింది.

తన సామాన్లు అట్టపెట్టెలో సర్దుకున్నాక వెర్నా సర్వర్ గది గుమ్మంలోకి వచ్చింది. ఏడవలేదు. కోటు బొత్తాలు పైదాకా పెట్టుకుని ఉంది.

“నీకు ఎప్పుడు తెలిసింది?”

“నిన్న మధ్యాహ్నం.”

“అంటే నా బండిలో కూర్చున్నప్పుడు తెలుసు.”

“వెర్నా, ఎవరికీ చెప్పొద్దని గోర్డ్...”

“చెప్పకపోతే చెప్పకపోయావు. నీకు పిల్ల ఉంది, అది నాకు తెలియదా? నీ జాగాలో నేనున్నా అదే చేసేదాన్నేమో.” ఆమె పెట్టెను రెండో చంకకు మార్చుకుంది. “కానీ నేను డైక్ ముందు నిలబడి, నాకు మతి పోయిందనుకుని, మా అమ్మ ఊరు పేరు పైకి చదువుకుంటూ కొడుతుంటే నువ్వు విన్నావు. ‘ఆపు వెర్నా’ అని ఒక్క మాట అనుంటే చాలు. ఆగేదాన్ని.”

కారిన్ లేచి నిలబడింది. వెర్నా అప్పటికే వెనక తలుపు వైపు నడుస్తోంది.

ఆ ఆదివారం కారిన్ పిల్లను తీసుకుని వాళ్లింటికి వెళ్లింది. వెర్నా తలుపు తీసి, కాఫీ ఇచ్చి, పిల్లకు కుకీ పెట్టింది. ఊళ్లో సంగతులు రెండు మాట్లాడింది. ఎవరో పొరుగామెతో మాట్లాడినంత మర్యాదగా ఉంది. ఆ మర్యాదలోంచి క్షమాపణ దూరే సందు కారిన్‌కు దొరకలేదు. ఎండాకాలం చివర వెర్నా ఇల్లు అమ్మి, కామ్‌లూప్స్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది.

మరుసటి ఏడు కాల్గరీ వాళ్లు అన్ని బ్రాంచీలనూ తమ పెద్ద డొమైన్‌లో కలిపేసుకున్నారు. కారిన్ కట్టిన డైరెక్టరీతో పని లేకపోయింది. ఆమె చేత్తోనే దాన్ని విప్పించారు. ఆ తర్వాత ఆమె కంపెనీ వదిలేసి జిల్లా బడుల ఆఫీసులో చేరింది. అక్కడా మొదటినుంచి డొమైన్ కట్టమన్నారు. ఒక షరతు మీద కడతానంది. ఎవరినైనా తీసేస్తే, ముందు పెద్దలు ఆ మనిషికి ఎదురుగా చెప్పాలి, ఆ మనిషి గదిలోంచి బయటికి వచ్చాకే తను ఖాతా ఆపుతుంది, అంతకుముందు ఆపదు. ఆఫీసు పెద్దావిడ వింతగా చూసి, అయినా ఒప్పుకుని, దాన్ని నిబంధనల్లో రాయించింది.

ఆ సాయంత్రం కారిన్ కామ్‌లూప్స్‌కు ఫోన్ చేసింది. ఆ షరతు సంగతి చెప్పింది.

“మంచి పని చేశావు” అంది వెర్నా.

“ఆ రోజు నేను...”

“వద్దులే. ఇప్పుడెందుకు అవన్నీ?” కోపంగా అనలేదు, అలసటగా అంది. “పిల్ల ఎలా ఉంది? స్కేటింగ్ నేర్చుకుందా?”

నేర్చుకుందని, కానీ ఆగడం ఇంకా రాలేదని, గోడకు గుద్దుకుని ఆగుతోందని కారిన్ చెప్పింది. వెర్నా నవ్వింది. అక్కడ ఇంకా మంచు పడలేదని, కొండల మీద మాత్రం కనిపిస్తోందని చెప్పింది. ఇంతలో చెల్లెలు భోజనానికి పిలుస్తోందంది. కారిన్ సరేనంది. ఫోన్ పెట్టేశాక కూడా ఆమె వంటింట్లో చాలాసేపు అలాగే నిలబడి ఉంది.