ఆంప్లిఫయర్ మీద అమ్మ చెయ్యి

పొద్దున్నే పాలు కాగడం ఆలస్యం, పక్కింటి వదిన గిన్నె పట్టుకుని వచ్చేస్తుంది. కుట్టుమిషను పక్కన స్టూలు మీద పెట్టి, "కాస్త చల్లార్చు వదినా, పిల్లకి బడికి ఆలస్యమవుతోంది" అంటుంది. మిషను ముందు కూర్చున్న ఆమె కుట్టు ఆపదు. కుడిచేత్తో బట్ట నడిపిస్తూనే ఎడమచెయ్యి గిన్నెకి ఆనిస్తుంది. కారు సీటు కవరు ఒక అంచు పూర్తయ్యేలోపు పాలు తాగే వేడికి వచ్చేస్తాయి.

"మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందిగా?"

"ఉంది. దానికి కబుర్లు రావుగా."

ఆ ఎడమచెయ్యి సంగతి వీధిలో అందరికీ తెలిసిందే. ఆసుపత్రికి తీసుకెళ్తున్నప్పుడు ఆమె భర్త కారు ముందు సీట్లో ఉన్నాడు. ఆమె వెనక కూర్చుని, సీటు పక్కనుంచి చెయ్యి చాపి ఆయన చెయ్యి పట్టుకుంది. దారిలో ఆ చెయ్యి చల్లబడింది. ఆ చల్లదనం ఆమె చేతికి వచ్చి, ఇక వెళ్ళలేదు. ఎవరింట్లో జ్వరమొచ్చినా ఆమెకి కబురొస్తుంది. ఎండాకాలం పసిపిల్లల్ని తెచ్చి పక్కన పడుకోబెట్టి పోతారు. చలికాలం మాత్రం ఆమె కాఫీ ఇస్తే, కుడిచేత్తో ఇమ్మంటారు.

ఆ రోజు కారు నడిపింది కొడుకు.

ఆ కారే ఇప్పుడు బాడుగకి తిప్పుతున్నాడు. ముందు సీట్లో ఎవర్నీ ఎక్కనివ్వడు. నలుగురొస్తే వెనక ఇరుక్కుని కూర్చోవాల్సిందే, లేదా ఇంకో బండి చూసుకోవాలి. డిక్కీ నిండా దరువు మోగించే రెండు పెద్ద సబ్‌వూఫర్ స్పీకర్లు పెట్టించాడు. వాటికి బలమిచ్చే ఆంప్లిఫయర్ ముందు సీటు కింద ఉంటుంది. వాడు వీధి మలుపు తిరగకముందే ఆ దరువుకి వంటింట్లో గ్లాసులు వణుకుతాయి. "మీవాడొస్తున్నాడు, కిటికీలు పట్టుకోండి" అని పక్కింటి వదిన గోడ మీంచి కేకేస్తుంది.

ఆ ఆంప్లిఫయర్‌కి ఒళ్ళు కాలడం అలవాటు. మరీ వేడెక్కితే ఎర్ర దీపం వెలిగించి నోరు మూసుకుంటుంది. వెంటనే గుమ్మం ముందు హారను మోగుతుంది.

"అమ్మా, చెయ్యి!"

ఆమె వెళ్ళి, కారు తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, సీటు కిందికి చెయ్యి దూర్చి దాని వీపు మీద పెడుతుంది. సుయ్‌మంటుంది. ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వస్తుంది. దరువు మళ్ళీ మొదలవుతుంది. పని ఇంత తేలిగ్గా అయిపోతుంటే మెకానిక్ దగ్గరికి ఎవరు పోతారు?

ఆమెకీ అది ఒకందుకు బాగానే ఉండేది. ఆ చేతిని కొడుకు ఎన్నడూ ముట్టుకోడు. పళ్ళెం అందిస్తే అవతలి అంచు పట్టుకుంటాడు. ఆంప్లిఫయర్ కోసమైనా అడుగుతున్నాడు కదా అనుకునేది.

ఈమధ్య వాడికి మంచి బేరం దొరికింది. కొండల్లో రోడ్డు కొలతలు తీసేవాళ్ళని నెలంతా తిప్పాలి. రేపు ప్రయాణం. ఆ మధ్యాహ్నం సీటు కింద చెయ్యి పెట్టినప్పుడు ఆమె ముక్కుకి కాలిన జిగురు వాసన తగిలింది. చెయ్యి తీశాక కూడా తగులుతూనే ఉంది.

"కొండల్లో ఆగిపోతే ఏం చేస్తావు?"

"నీళ్ళ సీసా పెడతాలే."

"కరెంటు వస్తువు మీద నీళ్ళా?"

"తడిగుడ్డ పెడతా. అమ్మా, నువ్వు ఊరికే గుండెలు బాదుకోకు."

ఆమె వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. ఆ సీట్లో మనిషి కూర్చోవడం చూసి వాడి ముఖం మాడిపోయింది.

"దిగమ్మా."

"డబ్బాల అన్నయ్య దగ్గరికి పోనివ్వు. అక్కడ దిగుతా."

డబ్బాల అన్నయ్య అంటే, ఆమె కుట్టిన కవర్లు అమ్మే కొట్టు పక్కన స్పీకర్లకి చెక్క డబ్బాలు కట్టే ఆయన. పొట్ట మీద రంపపు పొట్టు ఎప్పుడూ దులుపుకోడు. కారు రావడం చూసి చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు.

"ఏరా అల్లుడూ, పాటలో మాటలు ఏ భాషవో నీకైనా తెలుస్తోందా?"

"వేడెక్కుతోంది మామయ్యా, ఫ్యాను ఏదైనా పెట్టు చాలు."

"జ్వరమొచ్చిందని విసనకర్ర కొనుక్కుంటావా? జరుగు."

ఆయన మొదట డిక్కీ తెరిచి చూశాడు. రెండు సబ్‌వూఫర్ల తీగలూ పక్కపక్కనే ఒకేచోట బిగించి ఉన్నాయి. "ఈ కలపడం ఎవరు నేర్పారురా? దాని శక్తికి రెట్టింపు లాగుతున్నావు. ఆయాసపడక ఏం చేస్తుంది?" అని ఊడదీసి, ఒకదాని వెనక ఒకటి వచ్చేలా కలిపాడు. తర్వాత ముందుకొచ్చి, టార్చి పట్టుకుని సీటు కిందికి వంగాడు. ఎర్తు తీగ బండి రేకు మీద, రంగు గీకకుండానే బిగించి ఉంది. అక్కడ పట్టు లేక తీగ కాగిపోయింది. దాని తొడుగు కరిగి కార్పెట్‌కి అతుక్కుంది. పైన సీటు స్పాంజి అరచెయ్యంత మేర నల్లబడి ఉంది.

ఆయన ఇక హాస్యమాడలేదు.

"చెల్లెమ్మా, ఇది ఎన్నాళ్ళ నుంచి ఆగిపోతోంది?"

"చాన్నాళ్ళయింది. నేను చెయ్యి పెడుతున్నాగా."

"అదే కొంప ముంచింది. ఆగిపోవడం దాని రోగం కాదమ్మా, తెలివి. నావల్ల కావట్లేదు, వదిలెయ్యండి అని అడుగుతుంది. నువ్వేమో వీపు నిమిరి మళ్ళీ కాడికి కడుతున్నావు. నీ చెయ్యి లేకపోతే వీడు మొదటి వారమే నా దగ్గరికి వచ్చుండేవాడు."

ఆమె ఎడమచేతిని కొంగులో దాచుకుంది.

"ఇంకోటి, ఈ సీటు కవరుకి ఇంత పొడుగు అంచు కుట్టిన మహానుభావుడెవరు? నేలదాకా వేలాడుతోంది. లోపలికి గాలి ఎక్కడ్నుంచి పోతుంది?"

కొడుకు తల్లి వైపు చూశాడు. డబ్బాల అన్నయ్యకి వెలిగి నాలుక్కరుచుకున్నాడు.

అది ఆమే కుట్టింది. భర్త చివరిసారి కూర్చున్న సీటని, మిగతావాటికన్నా మంచి బట్ట తెచ్చి, కింద ఆ పెట్టె కనపడకూడదని అంచు నేలదాకా దించింది. ఆమె కొట్టులోంచి కత్తెర తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని అంచు చుట్టూ కత్తిరించేసింది. కోత తిన్నగా వచ్చింది.

డబ్బాల అన్నయ్య రేకు మీద రంగు గీకి, కొత్త తీగ వేసి బిగించాడు. ఆంప్లిఫయర్ కింద చెక్కముక్కలు పెట్టి కాస్త ఎత్తాడు. దాని పక్కనున్న, చప్పుడు పెంచే చిన్న మరని వెనక్కి తిప్పాడు. "ఇది చివరిదాకా తిప్పి ఉంచావు. ఇదిగో, ఇక్కడ గీత గీస్తున్నా. దీన్ని దాటకు. మిగతావన్నీ నేను బాగు చేశాను. ఇది మాత్రం నీ చేతిలో పని."

ఆమె మళ్ళీ ముందు సీట్లో కూర్చుంటే, కొడుకు స్టీరింగు దగ్గర కూర్చుని పాట పెట్టాడు. బాగానే ఉంది, మాటలు కూడా వినిపించాయి. కొడుకు కాసేపు విన్నాడు. స్టీరింగు మీద వేళ్ళు కుదురుగా లేవు. ఉన్నట్టుండి వంగి, ఆ మరని మళ్ళీ చివరికి తిప్పేశాడు. కొట్టు రేకులు అదిరాయి.

"ఒరేయ్!" అన్నాడు డబ్బాల అన్నయ్య. వాడికి వినపడలేదు.

ఈసారి వేడెక్కడానికి ఎక్కువసేపే పట్టింది. అయినా చివరికి ఎర్ర దీపం వెలిగింది. దరువు తెగిపోయింది.

"అమ్మా, చెయ్యి."

ఆమె ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కుడిచెయ్యి వేసింది.

"అమ్మా!"

"పెట్టను."

"రేపు పోవాలి నేను. పెట్టు."

"అది చల్లారేదాకా ఉందాం."

కారులో చప్పుడు లేదు. తండ్రి పోయిన రోజు తర్వాత ఆ కారు అంత నిశ్శబ్దంగా ఉండటం ఇదే మొదటిసారి. కొడుకు మెడ మీద చెమట పట్టింది. తలుపు తీశాడు, వేశాడు. "మామయ్యా, ఏదో ఒకటి మోగించు. ఆ రంపమైనా తిప్పు" అన్నాడు. డబ్బాల అన్నయ్య ఇద్దరినీ చూసి, "మేకులు అయిపోయాయి, తెచ్చుకోవాలి" అని, మేకుల డబ్బా చేతిలో ఉండగానే బయటికి నడిచాడు.

"ఏం వినపడుతోందిరా?"

వాడు అద్దంలోంచి రోడ్డు చూశాడు.

"రైలు గేటు దాటాక నాన్న ఊపిరి ఆగిపోయింది. నాకు తెలిసింది. నీకు చెప్పలేదు. ఆసుపత్రి దాకా 'వచ్చేశాం నాన్నా, వచ్చేశాం' అంటూనే నడిపాను. నువ్వు వెనక ఉన్నావని."



"నాకూ తెలుసు."

"నీకెలా తెలుసు?"

"చెయ్యి నా చేతిలోనే ఉందిగా. గేటు దాటాకే చల్లబడింది. చెప్తే నువ్వు స్టీరింగు వదిలేస్తావని నోరు మెదపలేదు. నువ్వు వచ్చేశాం అన్నప్పుడల్లా నేను ఊఁ కొట్టాను."

వాడు తల తిప్పి ఆమెని చూశాడు. తర్వాత ఆమె ఒళ్ళోకి. తనే చెయ్యి చాపి, ఆ ఎడమచేతిని పట్టుకున్నాడు. ఒళ్ళు జలదరించింది గానీ వదల్లేదు. నుదుటికి ఆనించుకుని, చిన్నప్పుడు పడి దెబ్బ తగిలించుకుంటే ఏడ్చినట్టు, సిగ్గు లేకుండా ఏడ్చాడు. ఆమె ఊరుకోబెట్టలేదు.

ఎవరూ చెయ్యి వెయ్యకుండానే, తన తీరున తను చల్లారి, సీటు కింద పచ్చ దీపం వెలిగింది. వాడు ముక్కు తుడుచుకుని వంగి, మరని గీత దాకా వెనక్కి తిప్పాడు.

మర్నాడు వాడు వెళ్ళాక పక్కింటి వదిన పాలగిన్నె తెచ్చింది. ఆమె చెయ్యి ఆనించింది. అబ్బా అని తీసేసుకుంది. వేళ్ళు కాలాయి.

వదిన ఆ చేతిని ఇటూ అటూ తిప్పి చూసింది. "సర్లే, రెండు గిన్నెల్లో తిరగబోసుకుంటాను" అంది. అయినా వెళ్ళిపోకుండా స్టూలు మీద కూర్చుని అక్కడే తిరగబోసింది.

సాయంత్రం కొడుకు ఫోను చేశాడు. చాలా మెల్లగా మాట్లాడుతున్నాడు.

"ఎందుకురా ఆ గుసగుసలు? ఆంప్లిఫయర్ ఎలా ఉంది?"

"గోరువెచ్చగా ఉంది. వీళ్ళలో ఒకాయన నడుం నొప్పి, వెనక కూర్చోలేనన్నాడు. ముందు ఎక్కించుకున్నా. బండి పక్కకి ఆపినా లేవలేదు, నిద్రపోతున్నాడు."

"పాటలు లేవా?"

"ఆపేశా. గురక పెడుతున్నాడమ్మా. మధ్యమధ్య ఆగుతుంది. నా ప్రాణం పోతుంది. మళ్ళీ మొదలెడతాడు."

ఆమె నవ్వబోయింది. రాలేదు. "వింటూ నడుపు" అంది.

ఫోను పెట్టేసి మిషను ముందు కూర్చుంది. దారం ఎక్కించి, ఎడమచెయ్యి మిషను ఇనప పలక మీద ఆనించింది. పలక చల్లగా తగిలింది. ఆ చేతికి ఇంకొకటి చల్లగా తగిలి ఎంత కాలమైందో. ఆయన ఇక ఆ చేతిలో లేడు. ఆమె దాన్ని అలాగే, ఇనుము వెచ్చబడేదాకా ఉంచింది. తర్వాత బట్ట జరిపి, పొట్టి అంచు కుట్టడం మొదలుపెట్టింది.