చెవికి వినిపించేదంతా

మా క్లాసు మహా మర్యాదస్తుల క్లాసని రెండేళ్లపాటు నమ్మాను. ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనరు. ప్రొఫెసర్లు విసుక్కోరు. వెనక బెంచీలవాళ్లు అప్పుడప్పుడు నవ్వుకుంటారు తప్ప నోరు జారరు. ఈ సంగతులన్నీ నాకు తెలిసింది హ్వే-రూ అక్క టైపు చేసిన అక్షరాల వల్ల. నాలుగో తరగతిలో జ్వరం వచ్చి నా రెండు చెవులూ పోయాయి. నోరు మాత్రం మిగిలింది, దాన్ని గట్టిగానే వాడుకుంటాను. ఎంత గట్టిగానో నాకు తెలియదు. ఎదుటివాళ్ల కనుబొమ్మలు లేచేదాన్నిబట్టి తగ్గించుకుంటూ ఉంటాను.

తైవాన్‌లోని మా చియాయీ యూనివర్సిటీలో నాలాంటివాళ్ల కోసం రిసోర్స్ రూమ్ ఉంది. స్కూటర్ల స్టాండు పక్కన, ఒక పాత సోఫా, ఒక ఎలక్ట్రిక్ కుక్కర్, ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు ముడుచుకుని పడుకునే మూల. దాన్ని నడిపేది వాన్ మేడమ్. చూపు లేనివాళ్లకు పాఠాలు రికార్డు చేయించడం, చక్రాల కుర్చీవాళ్ల క్లాసులు లిఫ్టున్న భవనానికి మార్పించడం, నాకు టైపిస్టును వెతికిపెట్టడం, అన్నీ ఆవిడ నెత్తినే. టైపిస్టు క్లాసులో నా పక్కన కూర్చుని విన్నది విన్నట్టు కొడుతుంటే, ఆ మాటలు నా టాబ్ మీద పడుతుంటాయి. ఆ గది గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక నియమం అంటించి ఉంటుంది: చెవికి వినిపించేదంతా టైపు చెయ్యాలి.

రెండేళ్లు నాకు ఆ పని చేసిన హ్వే-రూ అక్క చదువు ముగించుకుని తైపేలో ఉద్యోగానికి వెళ్లిపోయింది. సెమిస్టరు మొదలై వారం దాటినా ఆవిడ స్థానంలో ఎవరూ దొరకలేదు. అప్పుడు సోఫా మూల నుంచి యో-చెంగ్ లేచి వచ్చాడు. కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది. ఆటిజం ఉన్న కుర్రాడు, మెడలో ఎప్పుడూ పెద్ద హెడ్‌ఫోన్లు. అతనికి తోడుగా ఉండే సీనియర్ కోసం వాన్ మేడమ్ వెతుకుతుంటే, అతనే నాకు తోడు వస్తానన్నాడు.

"క్లాసులో గోల నీకు పడదు కదా నాన్నా," అంది వాన్ మేడమ్.

"చెవుల్లోకి అన్నీ ఒకేసారి దూరతాయి మేడమ్. టైపు చేస్తే వరసలో నిలబడతాయి," అన్నాడు.

ఈ మాటలు మేడమ్ తర్వాత నాకు రాసి చూపించింది. ఆవిడ మనసు ఒప్పలేదు. కానీ వేరే దిక్కు కూడా లేదు.

మొదటి రోజు కో సార్ క్లాసు. మాది ఫుడ్ సైన్స్, ఆయన పులియబెట్టే పదార్థాల పాఠం చెబుతారు. హ్వే-రూ అక్క రోజుల్లో ఆయన పాఠం అచ్చుపుస్తకంలా వచ్చేది. యో-చెంగ్ చేతిలో ఇలా వచ్చింది:

కో సార్: పోయినసారి ఎక్కడ ఆపాం? ఎవరూ చెప్పలేదు. కో సార్: సరే, మీకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. కిటికీ బయట గడ్డి కోసే మిషను. మూడో వరసలో ఎవరిదో కడుపు గరగర. కో సార్, తనలో తాను: ఈ ప్రొజెక్టర్‌ని తగలెయ్య.

నేను పకపకా నవ్వాను. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. నాకేం పట్టలేదు. మూడో ఏడాదిలో పడ్డాక, నేను కూర్చునే క్లాసు ఎలా ఉంటుందో నాకు తెలిసింది. మనుషులు ఎన్ని చప్పుళ్లు చేస్తారో! ఒకమ్మాయి గంటలో ఎన్నో సార్లు నిట్టూరుస్తుంది. కో సార్ బోర్డు తుడుస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తారు. ఆ నెల రోజులూ నేను పండగ చేసుకున్నాను.

అక్టోబరులో చివరి ఏడాది ప్రాజెక్టుకు ముందుగానే గ్రూపులు కట్టి పని మొదలుపెట్టమన్నారు. గ్రూపులు కట్టడమంటే రిసోర్స్ రూమ్ పిల్లలకు భయం. ఎవరూ పిలవక చివరికి మిగిలిపోయి, ప్రొఫెసర్ ఎవరి మెడకో తగిలిస్తే ముడుచుకుని వెళ్లడం మాకు అలవాటు. ఈసారి నాకు ఆ అవస్థ తప్పింది. పిన్-జెన్ తనే వచ్చి, నోరు పెద్దగా కదుపుతూ, మా గ్రూపులోకి రా అంది. మార్కుల్లో అందరికన్నా ముందుండే పిల్ల. ఉప్పు తగ్గించి టోఫు, అంటే సోయా పనీర్, ఊరబెట్టడం మా ప్రాజెక్టు. నేను గాల్లో తేలిపోయాను.

రెండు రోజుల తర్వాత ఒక క్లాసులో, కో సార్ ఇంకా రాలేదు. పిన్-జెన్ నా వెనక వరసలో పక్కమ్మాయితో మాట్లాడుతోంది. టాబ్ మీద వరసగా పడింది:

పక్కమ్మాయి: షూ-నింగ్‌ని ఎందుకు పిలిచావే? పిన్-జెన్: తను ఉంటే కో సార్ మార్కులు కొయ్యడు. పక్కమ్మాయి: మరి తను చేసేదేంటి? పిన్-జెన్: ఏం చెయ్యక్కర్లేదు. తనకి చెప్పి అర్థమయ్యేలోపు మనమే చేసి పారేస్తాం. పోస్టర్‌కి రంగులేయిద్దాం. ప్రదర్శన రోజు స్టాల్ దగ్గర నవ్వుతూ నిలబడితే చాలు.

షూ-నింగ్ అంటే నేనే. వెనక్కి తిరిగాను. పిన్-జెన్ నా మొహం చూసింది, టాబ్ చూసింది, పాలిపోయింది. కో సార్ వచ్చి పాఠం మొదలుపెట్టారు. ఆ పాఠం కూడా టాబ్ మీద పడింది, నేను చదవలేదు.

మధ్యాహ్నం యో-చెంగ్‌ని టర్కీ కోడి అన్నం తినడానికి తీసుకెళ్లాను. అతను పులుసు వెయ్యొద్దని రెండుసార్లు చెప్పాడు. మాంసం ఒక పక్కకు, అన్నం ఒక పక్కకు జరిపి తిన్నాడు.

"అది టైపు చెయ్యకుండా ఉండాలని అనిపించలేదా?" అన్నాను.

ఫోనులో కొట్టి చూపించాడు. "అనిపించింది అక్కా. నువ్వు ఏడుస్తావేమో అనుకున్నా."

"మరి?"

"వినబడింది కదా."

కోపం అతని మీద రాలేదు. వాళ్ల మీద వచ్చింది, అంతకన్నా నా మీద వచ్చింది. పిలవగానే తోకాడించుకుంటూ వెళ్లాను కదా.

పిన్-జెన్ ఊరుకోలేదు. వాన్ మేడమ్ దగ్గరకు వెళ్లి, మా సొంత మాటలు యో-చెంగ్ చాటుగా విని రాస్తున్నాడు, అతన్ని మార్చండి అంది. అందులోనూ న్యాయం లేకపోలేదు. నలుగురూ కూర్చుని తేల్చుకుందామని మేడమ్ కబురు పెట్టింది. యో-చెంగ్ పోతే ఈ సెమిస్టరుకు నాకు టైపిస్టు లేనట్టే. ఎవరైనా దొరికినా, మళ్లీ అచ్చుపుస్తకం చదువుకోవాల్సిందే. రాత్రి నిద్ర పట్టలేదు.

రిసోర్స్ రూమ్‌లో బల్ల చుట్టూ కూర్చున్నాం. వాన్ మేడమ్, కో సార్, పిన్-జెన్, నేను. యో-చెంగ్ నా పక్కన టైపు చేస్తున్నాడు, ఎందుకంటే అతన్ని తీసెయ్యాలన్న మీటింగు కూడా నాకు వినబడాలి కదా.

వాన్ మేడమ్: ఇకమీదట పాఠం వరకే టైపు చేద్దాం. పిల్లల కబుర్లు వద్దు. అందరికీ మంచిది. పిన్-జెన్: నేను చెడుగా అనలేదు మేడమ్. తనకి కష్టం కాకూడదనే అన్నా. కో సార్: అసలు ఇలాంటి అబ్బాయిని ఈ పనిలో పెట్టడమే పొరపాటు. ఏది చెప్పాలో ఏది మింగాలో తెలియనివాడు. వాన్ మేడమ్, గొంతు తగ్గించి: సార్, అతను వింటున్నాడు. కో సార్: వింటే ఏం, అర్థమైతే కదా.

నేను యో-చెంగ్ వైపు చూశాను. కళ్లు తెర మీదే ఉన్నాయి. వేళ్ల వేగం తగ్గలేదు.

వాన్ మేడమ్: హ్వే-రూకి నేనే చెప్పాను, నొప్పించేవి తీసెయ్యమని. ఆ పిల్లకి ఆ తెలివి ఉంది. రెండేళ్లు ఏ గొడవా రాలేదు. శబ్దం: ముక్కు ఎగబీల్చడం. నాది.

ఆ చివరి మాట రెండోసారి చదివాక గాని బుర్రకెక్కలేదు. గదిలో వినబడిందంతా టైపు చెయ్యాలి. తన ఏడుపు కూడా వినబడింది. అందుకని కొట్టాడు.

లేచి నిలబడ్డాను. నా గొంతు ఎంత పైకి లేచిందో కో సార్ వెనక్కి వాలడం చూసి తెలిసింది.

"మేడమ్, రెండేళ్లు నా చెవులకి జల్లెడ పట్టారు. నన్ను ఎవరేమన్నారో మీకు తెలుసు, హ్వే-రూ అక్కకి తెలుసు, క్లాసు మొత్తానికి తెలుసు. నాకు ఒక్కదానికే తెలీదు. అది సాయం ఎలా అవుద్ది?"

"నిన్ను బాధ పెట్టడం ఇష్టం లేక షూ-నింగ్."

"వీళ్లందరికీ రోజూ బాధ ఉచితంగా దొరుకుతోంది మేడమ్. నాకు మాత్రం ఎందుకు దాచిపెట్టారు? నాకు యో-చెంగే కావాలి. సార్, మీరన్న మాట అతనే టైపు చేశాడు, చూడండి. ఒక్క అక్షరం పోలేదు."

టాబ్ కో సార్ ముందు పెట్టాను. ఆయన చదివారు. పిన్-జెన్ మెల్లగా అంది, "అయితే మా బల్లకి తెలిసేలా ఉంచండి. మాట్లాడేవాళ్లకి తెలియాలి కదా." అది సబబే. యో-చెంగ్ ఉండాలని, మా బల్ల మీద ఒక బోర్డు పెట్టాలని తేలింది: ఇక్కడ వినిపించేదంతా టైపు అవుతుంది.

బయటకు వచ్చాక యో-చెంగ్‌ని అడిగాను, "నువ్వేం మాట్లాడలేదేం?"

"టైపిస్టు మాట్లాడకూడదు అక్కా," అని ఫోనులో కొట్టాడు. మళ్లీ కొట్టాడు. "నాకీ పని పోతుందని భయమేసింది. టైపు చేసేటప్పుడే నాకు మనుషులు అర్థమవుతారు."

బోర్డు పెట్టిన దగ్గర్నుంచి మా చుట్టూ శ్మశానమే. పిన్-జెన్ నాకు పనులన్నీ పంచింది, నేనడిగినవన్నీ ఇచ్చింది, మాట మాత్రం లెక్క పెట్టుకుని మాట్లాడేది. దయచేసి ఆ గిన్నె ఇవ్వగలవా అనేది. స్నేహితురాలితో దయచేసి అనే మనిషిని ఎక్కడైనా చూశామా? నేనే కోరి తెచ్చుకున్నానేమో అని దిగులుపడ్డాను. టాబ్ మీద ఫ్యాను చప్పుడు, కిటికీ చప్పుడు తప్ప ఏమీ పడేది కాదు.

నవంబరులో ఒక మధ్యాహ్నం ఉప్పు పట్టించిన టోఫు ముక్కలు డాబా మీద ఎండబెట్టాం. కాపలా నాది. నేను మెట్ల దగ్గర నీడలో కూర్చుని ఫోనులో వీడియో చూస్తున్నాను. ఆకాశం నల్లబడింది, ఉరిమింది, చినుకులు మొదలయ్యాయి. తల ఎత్తేసరికి పళ్లాలన్నీ నీళ్లు. పిన్-జెన్, ఆ వెనకే యో-చెంగ్ తలుపు తోసుకుని వచ్చారు. యో-చెంగ్ గొడుగు కింద టాబ్ తెరిచాడు.

పిన్-జెన్: ఏంటే ఇది! మూడు రోజుల పని! ఉరుము వినబడదు సరే, కళ్లకేమైంది? ఆకాశం నల్లబడితే కనబడదా? ఫోను చూస్తూ కూర్చుంటావా మొద్దూ!

ఠక్కున ఆగింది. టాబ్ వైపు చూసింది. ఇప్పుడు క్షమించు అంటుందేమోనని నాకు భయం వేసింది. అంటే మళ్లీ దయచేసి దగ్గరకే చేరతాం.

"నేనే మొద్దునా?" అన్నాను. "మొన్న ఉప్పు తూచకుండా గుప్పిళ్లతో పోసిందెవరు? చూడలేదనుకున్నావా?"

పిన్-జెన్ యో-చెంగ్ వైపు వంగింది.

పిన్-జెన్: మొద్దు అన్నది కూడా పడిందా? యో-చెంగ్: పడింది. పిన్-జెన్: అయితే దాని కింద ఇది కూడా కొట్టు. రేపు పొద్దున్న ఏడింటికి టోఫు షాపుకి పోవాలి. నా స్కూటరు వెనక కూర్చుని పళ్లాలు పట్టుకోవాలి. లేటయిందో, ఇంతకన్నా తిడతా.

చదివాను. చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి, వానకే అనుకుందాం. మూడేళ్లలో ఆ క్లాసులో ఒక మనిషి నన్ను నా ముందే తిట్టడం అదే మొదలు.

టాబ్ మీద ఇంకో వరస పడింది.

శబ్దం: షూ-నింగ్ అక్క నవ్వు. చాలా గట్టిగా ఉంది.