ఒకటిన్నర వాటా

డెబ్బై తొమ్మిదిలో మాట. ఎల్లారావుకి అదే ఆఖరి ఛాన్సు. విశాఖ రేవు దగ్గర ఇనుప రాయి పరీక్షించే లేబొరేటరీలో పదకొండేళ్ళుగా శాంపిళ్ళ సంచులు మోస్తున్నాడు. పరీక్ష పాసైతే లేబ్ అసిస్టెంటు. ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే ఆ సంచులతోనే రిటైరవ్వాలి.

తప్పడం కూడా ఒకే లెక్కలో తప్పాడు మహానుభావుడు. వందలో డెబ్బై పాళ్ళు ఇనుము, ముప్పై పాళ్ళు ఆక్సిజన్ ఉన్న పదార్థానికి ఫార్ములా కట్టాలి. దేన్ని దాని పరమాణు భారంతో భాగించి, వచ్చిన రెండింటినీ వాటిలో చిన్నదానితో భాగించాలి. అంతవరకూ చెయ్యి తడబడదు. ఇనుము ఒకటి, ఆక్సిజన్ ఒకటిన్నర వస్తాయి. తంటా అంతా అక్కడే. వాళ్ళ జాలర్లు ఒడ్డున చేపలు పంచేటప్పుడు చివర మిగిలిన చిల్లర తండేలుకి, అంటే పడవ నడిపే పెద్దకి, వదిలేస్తారు. అదో మర్యాద. ఎల్లారావు అదే మర్యాద ఆక్సిజన్‌కీ చేసి, ఒకటిన్నరని రెండు చేసేశాడు. దిద్దినాయన సున్నా చుట్టాడు.

పరీక్ష ముందురోజు వాకిట్లో కూచుని అదే లెక్క చేస్తుంటే, చేపల గంప సర్దుకుంటున్న పెళ్ళాం పోతమ్మ తొంగి చూసింది. ఆవిడ బడి గుమ్మం తొక్కలేదు గానీ, పడవ వచ్చిందంటే వాటాలు వెయ్యడానికి అందరూ ఆవిడనే పిలుస్తారు.

"ఏటి మావా, అలా బుర్ర గోక్కుంతన్నావు?"

"ఒకలికి ఒక వాటా, ఇంకొకలికి ఒకటిన్నర. అర రాయకూడదంట. నానేటి సేసేది?"

పోతమ్మ నవ్వింది. "మన తండేలుది ఒకటిన్నర వాటాయే కదేటి? ఎప్పుడైనా కుప్పని తెగ్గొట్టామా? కుప్పలే సిన్నవి పోత్తాం. మనిసికి రెండు, తండేలుకి మూడు. ఎవులికీ తెగిన కుప్ప రాకుండా సిన్నవి సేసుకుంటా పో."

రెండు ఇనుము, మూడు ఆక్సిజన్. ఎల్లారావుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తీరా పరీక్షలో వేరే అంకెలిచ్చారు. ఇనుము 72.4, ఆక్సిజన్ 27.6. భాగిస్తే ఒకటి, 1.33 వచ్చాయి. పోతమ్మ కుప్పలు గుర్తొచ్చాయి. రెండేసి కుప్పలు వేశాడు, ఇంకా తెగే ఉంది. మూడేసి వేశాడు. మూడు ఇనుము, నాలుగు ఆక్సిజన్. సరిగ్గా కూచుంది.

ఆఫీసరు శ్రీరామ్మూర్తిగారు అక్కడికక్కడే దిద్ది, "బాగుందయ్యా. ద్వారకా నగర్లో ట్యూషన్‌కి గానీ వెళ్ళావా?" అన్నారు.

వెనకాల ఆఫీసంతా వింటోంది. ఎవరడిగినా పెళ్ళాం ఇంటిపట్టునే ఉంటుందని చెప్పుకొచ్చిన మనిషి మరి. అవునంటే తీరిపోయేది. కానీ తన మీద తనకే సిగ్గేసింది.

"మా ఆడది సెప్పింది బాబూ. పోతమ్మని. బజార్లో సేపలమ్ముద్ది."

ఆయన మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి, పాసని రాసి సంతకం పెట్టారు.

ఎల్లారావు తిన్నగా చేపల బజారుకెళ్ళి జరిగిందంతా చెప్పాడు. చేప కోస్తున్న పోతమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నా పేరు సెప్పీసావా? అందరి ముందరా?"

"అందరి ముందరే."

పోతమ్మ మళ్ళీ చేప కొయ్యడం మొదలెట్టింది. "మీ ఆపీసోల్లు ఏళ్ళ బట్టీ నా కాడే సేపలు కొంతన్నారు మావా," అంది మెల్లగా. "నీ పెళ్ళాన్నని ఒక్కలికీ సెప్పలేదు. రేపట్నించి సెప్పనా?"